పాత పికప్ తొట్టి: చిల్లు పైన, జబ్బు అతుకులో

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక ఇంటి వెనక నిలబెట్టిన 1978 ఫోర్డ్ ఎఫ్-100ను చూడటానికి వెళ్లినప్పుడు, సామాను వేసే దాని వెనక తొట్టిలో నల్లటి రబ్బరు పట్టా నీట్‌గా పరిచి ఉంది. నేను దాన్ని ఎత్తి చూడలేదు. తప్పు నాదే. కొని ఇంటికి తెచ్చుకున్నాక ఎత్తితే రెండు చోట్ల మా ఇంటి ముందరి సిమెంటు నేల కనిపించింది. పైన పటారం, లోన లొటారం.

చిల్లులు మరీ పెద్దవేం కావు. ఒకటి పది రూపాయల బిళ్లంత, ఇంకొకటి అరచేతిలో సగం. రెండు రేకు ముక్కలు కోసి అతికిస్తే ఆదివారం సాయంత్రానికి అయిపోతుందనుకున్నాను. స్క్రూడ్రైవరుతో చుట్టూ పొడుచుకుంటూ పోతే అది దిగుతూనే ఉంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం గురించి విన్నాం కదా, నాకు ఎలుక కన్నం తవ్వితే కొండ బయటపడింది.

తుప్పు పట్టిన తొట్టిని ఏం చేయాలని ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. ముక్క అతికించు, పైన ప్లేటు వేసెయ్, మొత్తం మార్చెయ్, చెక్క వేయించు, వేరే తొట్టి కొనుక్కో. అన్నీ ఏదో ఒక బండికి సరైనవే. మన బండికి ఏది సరైనదో తేలాలంటే ముందు ఇంకో ప్రశ్న అడగాలి: ఇంత నేల ఉండగా చిల్లు సరిగ్గా ఇక్కడే ఎందుకు పడింది?

కింద పడుకుని చూస్తే

అమెరికన్లు బెడ్ అనేదాన్ని మనం ట్రాలీ ఆటోల దగ్గర తొట్టి అంటాం. ఇక్కడా ఆ మాటే వాడతాను. 1973 నుంచి 1979 వరకు వచ్చిన ఫోర్డ్ ఎఫ్-సిరీస్ బళ్ల పక్కరేకు మీద లోపలికి నొక్కినట్టు ఒక పొడవాటి గాడి ఉంటుంది. అందుకే పాత బళ్ల పిచ్చి ఉన్నవాళ్లు వాటిని డెంట్‌సైడ్ అంటారు. వాటిలో ఎక్కువగా కనిపించే, చక్రాలు పక్కరేకుల లోపల ఉండే స్టైల్‌సైడ్ తొట్టికి ఉక్కు రేకు నేల.

పైనుంచి చూస్తే అది పొడుగునా గాడులున్న ఒకే రేకు. బండి కింద పడుకుని చూస్తే అసలు కట్టడం తెలుస్తుంది. ఇంటి కప్పు కింద దూలాలున్నట్టు, టోపీ ఆకారంలో వంచిన ఉక్కు పట్టీలు అడ్డంగా ఉంటాయి. వాటిని క్రాస్ మెంబర్లంటారు. రేకును వాటి మీద చుక్కలు చుక్కలుగా కరిగించి అతికే స్పాట్ వెల్డింగ్‌తో అతికించారు. ట్రక్కును బట్టి ఆరో ఎనిమిదో బోల్టులు నేలనూ దూలాన్నీ కలిపి బండి అడుగు చట్రానికి, అంటే ఛాసీకి, బిగిస్తాయి. పక్క గోడలు, ముందు గోడ, వెనక చక్రాల మీది గుమ్మటాలు అన్నీ వచ్చి ఈ నేల అంచులకే కలుస్తాయి. నేల తీసేస్తే మిగిలేది నిలబడలేని మూడు గోడలు.

గాడులు కూడా అందం కోసం పెట్టినవి కావు. ఆ రేకు మందం మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. చదునుగా ఉంటే మనిషి నిలబడినా వంగుతుంది. కాగితాన్ని ముడతలుగా మడిస్తే రెండు పుస్తకాల మధ్య వంతెనలా నిలబడుతుంది, షెడ్ల మీది రేకు నిలబడేదీ అందుకే. పొడుగునా ఉన్న గాడులు దూలానికీ దూలానికీ మధ్య రేకు వంగకుండా చూస్తాయి, అడ్డంగా ఉన్న దూలాలు రెండో వైపు చూసుకుంటాయి. గాడులున్న చోట చదును ముక్క పెట్టి అతికిస్తే అది డబ్బా మూతలా టకటకమంటుంది, కొన్నాళ్లకు వెల్డు పక్కనే చీలుతుంది.

ఇంకో సంగతి. పికప్ ఛాసీ నిచ్చెనలాంటిది, గుంటల్లో పడ్డప్పుడు మెలి తిరుగుతుంది. అందుకే క్యాబిన్ వేరు, తొట్టి వేరు, రెంటి మధ్య కాస్త సందు. 1961లో ఫోర్డ్ క్యాబిన్‌నూ తొట్టినీ కలిపి ఒకే ముక్కగా చేసి చూసింది. రెండు మూడేళ్లకే ఆ ముచ్చట తీరిపోయి విడి తొట్టికి తిరిగి వచ్చింది. బోల్టులు తుప్పు పట్టి ఊడాయని తొట్టిని నేరుగా ఛాసీకి వెల్డు చేసేసిన బళ్లు అక్కడక్కడా కనిపిస్తుంటాయి. కదలాల్సినదాన్ని కట్టేస్తే ఎక్కడో ఒకచోట పగలక తప్పదు.

గాలి తగలని చోటే తుప్పు ఎక్కువ

తుప్పుకు నీళ్లూ గాలీ కావాలని బడిలో చదువుకున్నాం. అలాగైతే గాలి బాగా తగిలే చోట ఎక్కువ తుప్పు పట్టాలి కదా. జరిగేది దాదాపు దానికి తలకిందులు.

కేంబ్రిడ్జ్‌లో యులిక్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త 1920లలో ఒక చిన్న ప్రయోగం చేశాడు. మెరిసే ఇనుప రేకు మీద ఒక ఉప్పునీటి చుక్క వేసి ఊరుకున్నాడు. చుక్క అంచున గాలి సులువుగా అందుతుంది, నడిమధ్యకు అందదు. కాసేపటికి చూస్తే అంచున ఇనుము బాగానే ఉంది, మధ్యలోది కరిగి గుంట పడింది. రెంటి నడుమ ఎర్రటి తుప్పు ఉంగరంలా పేరుకుంది. ఇనుము కరిగేటప్పుడు ఎలక్ట్రాన్లను వదులుతుంది. వాటిని తీసుకోవడానికి ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ అంచున ఉంది కాబట్టి ఎలక్ట్రాన్లు లోహం గుండా అటు వెళ్తాయి. కరగడం మాత్రం ఆక్సిజన్ లేని చోట సాగుతుంది. ఒకే రేకు మీద తయారైన చిన్న బ్యాటరీ అన్నమాట.

ఇప్పుడు ఆ చుక్క బదులు తొట్టి రేకుకూ దూలానికీ మధ్య ఉన్న సందును ఊహించుకోండి. వెంట్రుక మందం సందు. వత్తి నూనెను పీల్చినట్టు అది నీళ్లను లోపలికి లాక్కుంటుంది, లాక్కున్నది ఆరనివ్వదు. లోపలి ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది, బయటి అంచున కావలసినంత ఉంటుంది. ఎవాన్స్ చుక్కలో జరిగిందే ఇక్కడ ఏళ్ల తరబడి జరుగుతుంది. పైగా రెండు రేకులను స్పాట్ వెల్డు చేశాకే పైన రంగు వేశారు కాబట్టి, ఆ సందులోకి రంగు సరిగ్గా చేరనే లేదు. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజున కూడా అక్కడ ఇనుము దాదాపు బట్ట లేకుండానే ఉంది.

తుప్పు అది తిన్న ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ జాగా తీసుకుంటుంది. గోడ పగుల్లో రావి వేరు లావైనట్టు సందులో తుప్పు లావెక్కి, రేకును దూలం మీంచి ఎత్తేస్తుంది. వెల్డు చుక్కలు ఒక్కొక్కటే తెగుతాయి. సందు వెడల్పవుతుంది, మట్టీ ఆకులూ దూరతాయి, అవి నీళ్లను ఇంకా పట్టి ఉంచుతాయి. ఇదంతా అయ్యాక, అన్నిటికన్నా చివర, పైన చిల్లు పడుతుంది. మనకు కనిపించేది అదొక్కటే.

ఉప్పు సంగతి వేరే చెప్పాలి. ఉత్తర అమెరికాలో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీరు కారుతుంది. వానాకాలంలో మన వంటింటి ఉప్పు జాడీలో చూసే తడి ఇదే. రోడ్ల మీద మెగ్నీషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ కూడా వాడతారు. వాటికి తేమ మూడోవంతు ఉన్నా చాలు. అంటే బండి గ్యారేజీలో పొడిగా ఉందని మనం నిశ్చింతగా ఉన్నప్పుడు కూడా ఆ సందు తడిగానే ఉంది. గ్యారేజీ వెచ్చగా ఉంటే ఇంకా నయమనుకుంటాం, అదీ పొరపాటే. ఉప్పు కడగని బండిని వెచ్చటి చోట పెడితే ఆ రసాయన చర్య ఇంకా జోరందుకుంటుంది. ఒహాయో లాంటి ఇక్కడి పాత ఫ్యాక్టరీ రాష్ట్రాలకు రస్ట్ బెల్ట్ (తుప్పు పట్టీ) అనే పేరు మూతపడ్డ ఉక్కు, కార్ల ఫ్యాక్టరీల వల్ల వచ్చింది, బళ్ల తుప్పు వల్ల కాదు. బండి వాళ్లు సాల్ట్ బెల్ట్ అంటారు. ఆ మాట వింటే విశాఖ బీచ్ దగ్గరి ఇళ్ల కిటికీ గ్రిల్స్ గుర్తొస్తాయి నాకు. అక్కడ ఉప్పు గాలిలోంచి వస్తుంది, ఇక్కడ లారీలోంచి.

ముక్కా, మొత్తమా?

ఇంతా తెలిశాక చిల్లును చూసే కన్ను మారుతుంది. చిల్లు ఎంత పెద్దదన్నది అంత ముఖ్యం కాదు, ఎక్కడుందన్నది ముఖ్యం. రెండు దూలాల మధ్య, చదునైన చోట ఒకే చిల్లు ఉందనుకోండి. ఎప్పుడో బరువైన ఇనుప సామాను పడి చిరిగి ఉండొచ్చు, బ్యాటరీ యాసిడ్ ఒలికి ఉండొచ్చు. చుట్టూ సుత్తితో తడితే ఖంగుమంటుంది. అలాంటి చోట పాడైన భాగాన్ని కోసేసి, గాడులు కలిసే ముక్కను అంచుకు అంచు ఆనించి వెల్డు చేస్తే చాలు. మొత్తం మార్చడం దండగ.

రంగు పొంగులు అడ్డంగా ఒక గీతలా వరుసగా ఉంటే కింద దూలం ఉందన్నమాట. ముందు గోడ మూలల్లో, గుమ్మటాల చుట్టూ, తొట్టి వెనక తలుపైన టెయిల్‌గేట్ కింది గడప దగ్గర, బోల్టు తలల చుట్టూ కూడా పొడిచి చూడాలి. తడితే దబ్బుమని మొద్దు శబ్దం వస్తే సందులో తుప్పు పేరుకున్నట్టే. అక్కడ పైరేకు మాత్రమే మార్చడం పుచ్చిన దూలం మీద కొత్త పెంకు వేయడం లాంటిది.

పైన ఉబ్బెత్తు గీతలుండే చెకర్ ప్లేటు పరిచి రివిట్లు కొట్టేయడం అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా చెడ్డ పని. దూలాల దగ్గర ఉన్న సందుల జబ్బును తొట్టి మొత్తానికీ పాకించినట్టవుతుంది. ఆ ప్లేటు అల్యూమినియందైతే ఉప్పునీళ్లలో ఉక్కుకు తగులుతూ అదీ తెల్లటి పొడిగా రాలుతుంది. తుప్పు మీదే రబ్బరులాంటి లైనర్ పూత స్ప్రే చేయించుకోవడం కూడా ఈ కోవలోదే. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న తుప్పు మందులు పైన కనిపించే పలుచటి తుప్పు మీద బాగా పనిచేస్తాయి. సందు లోపలికి అవి పోవు. పోయినట్టు సీసా మీద రాసి ఉంటే నమ్మకండి.

అరిజోనా లాంటి ఎండ రాష్ట్రాల నుంచి వచ్చిన పాత తొట్టి దొరికితే నా ఓటు దానికే. అక్కడ ఎండకు రంగు పోతుంది, ఇనుము పోదు. కాకపోతే ఎనిమిదడుగుల తొట్టిని దేశం ఆ చివరి నుంచి తెప్పించుకోవడం అందరివల్లా కాదు, నావల్లా కాలేదు.

ఇక మిగిలింది కొత్త నేల రేకు. దూలాలు ముందే అతికించి ఉన్నవి, ఉత్త రేకు, రెండు మూడు ముక్కలుగా వచ్చేవి ఉంటాయి. ఇక్కడ గేజ్ నంబరు చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. నంబరు పెరిగితే మందం తగ్గుతుంది. ఉక్కు రేకులో 16 గేజ్ అంటే ఒకటిన్నర మిల్లీమీటర్లు, 18 అంటే 1.2, 20 అంటే 0.9. బరువు వేసే తొట్టికి 20 గేజ్ వద్దు. బండి ఏ కంపెనీదన్నది కూడా పనిని మార్చేస్తుంది. 1973-87 నాటి షెవర్లే, జీఎంసీ ఫ్లీట్‌సైడ్ తొట్టి పక్క గోడలు బోల్టులతో బిగించినవి, విప్పితే వస్తాయి. ఫోర్డ్ వాటిని వెల్డు చేసింది. ఒకే పనికి ఒకరు స్పానరు పట్టుకుంటే ఇంకొకరు డ్రిల్లు పట్టుకుంటారు.

చెక్క నేల ఉన్న రోజులు

1947లో వచ్చిన షెవర్లే అడ్వాన్స్ డిజైన్ ట్రక్కులకు తొట్టి నేల చెక్కే. పొడుగాటి పలకలు, పలకకూ పలకకూ మధ్య ఉక్కు పట్టీలు, వాటి గుండా దూలాల్లోకి బోల్టులు. డెంట్‌సైడ్ కాలంలో కూడా, మడ్‌గార్డులు బయటికి పొడుచుకొచ్చే ఫోర్డ్ ఫ్లేర్‌సైడ్ తొట్టికి చెక్క నేల ఉండేది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టడం చూసినవాళ్లకు ఇదేం వింత కాదు. ఒక పలక పుచ్చితే ఆ ఒక్క పలక మార్చుకోవచ్చు, వెల్డింగ్ అవసరం లేదు. చెక్క ఉబ్బడానికి పలకల మధ్య కాస్త వదులు ఉంచుతారు, నీళ్లు అక్కడి నుంచే దిగిపోతాయి. అతుకు ఉంది, కానీ అది ఊపిరి పీల్చుకునే అతుకు.

ఈ రోజుల్లో ప్రదర్శనలకు తెచ్చే ట్రక్కుల్లో ఓక్ చెక్క అద్దంలా మెరుస్తుంటుంది. అవి కొత్తగా ఉన్న రోజుల్లో చాలావాటికి చెక్క మీద మామూలు రంగు పూత ఉండేది, అంత సింగారం లేదు. చెక్క వేసేటట్టయితే పలకల కింది వైపుకూ, కోసిన చివర్లకూ, బోల్టు రంధ్రాల లోపలికీ కూడా పూత పట్టించాలి. పుచ్చడం ఎప్పుడూ చివర్ల నుంచే మొదలవుతుంది.

కోసే ముందు, కోశాక

నేను మొత్తం నేల, దానితోపాటు రెండు దూలాలు మార్చాను. పనిలో సగం రోజులు కొత్తది పెట్టడానికి కాదు, పాతది తీయడానికే పోయాయి.

ముందు పెట్రోలు. ట్యాంకు ఎక్కడుందో బండిని బట్టి మారుతుంది. 1967-72 షెవర్లేల్లో సీటు వెనక క్యాబిన్‌లోనే ఉంటుంది, ఆ తర్వాతి వాటిలో ఛాసీ పక్కల తొట్టి కింద ఉంటుంది. నిప్పురవ్వల పని మొదలుపెట్టే ముందు ట్యాంకును దించి దూరంగా పెట్టాలి. ఖాళీ చేశాం కదా అని దగ్గర ఉంచుకోకూడదు. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం.

తొట్టి బోల్టుల దగ్గర అందరికీ ఒకే గొడవ. బోల్టు తల కింద చదరపు మెడ ఉంటుంది, అది రేకులోని చదరపు రంధ్రంలో కూర్చుని తిరగకుండా ఆగుతుంది. ఆ రంధ్రం తుప్పుకు గుండ్రమైపోతే కింద నట్టు తిప్పినకొద్దీ పైన తల కూడా గిర్రున తిరుగుతుంది. నూనె పోసి రోజంతా కుస్తీ పట్టడం కంటే తలను గ్రైండరుతో కోసేయడం మేలు. ఎలాగూ ఆ బోల్టును మళ్లీ వాడం.

తరువాతి తప్పు నేను చేయబోయి ఆగాను. నేల కోసేస్తే పక్క గోడలు వాటి ఇష్టమొచ్చినట్టు వాలతాయి. అందుకే కోయకముందే చదరపు ఉక్కు గొట్టాలను గోడకూ గోడకూ మధ్య అడ్డంగా, ఐమూలగా వెల్డు చేసి బిగించాలి. మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలిచి రాసిపెట్టుకోవాలి. టెయిల్‌గేట్ దగ్గరి వెడల్పు కూడా. కొత్త నేల కూర్చోబెట్టాక ఆ కొలతలు మళ్లీ రాకపోతే టెయిల్‌గేట్ పట్టదు. అప్పుడు ఎంత టింకరింగ్ చేసినా దండగే.

స్పాట్ వెల్డులను తీయడానికి ప్రత్యేకమైన డ్రిల్ బిట్ దొరుకుతుంది. అది పైరేకును మాత్రమే గుండ్రంగా కోసి కింది రేకును వదిలేస్తుంది. మొదటి పదీ దాటేదాకా చేయి కుదరదు, కింది రేకుకూ చిల్లులు పడతాయి. పడితే పూడ్చుకోవడమే.

కొత్త రేకుకు రంధ్రాలు వేసే ముందే ఒకసారి ఊరికే కూర్చోబెట్టి, బోల్టుల చోట్లూ గాడులూ కలుస్తున్నాయో లేదో చూడాలి. కొత్త రేకు అంటే సరిగ్గా పట్టే రేకు అని అర్థం కాదు. సరిపోయాక దాని అంచుల్లో, దూలాల వెంట, ఫ్యాక్టరీలో వెల్డు చుక్కలు ఉన్నన్ని చోట్ల ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రాలు వేస్తారు. వాటిలోంచి కింది రేకుకు వెల్డు పోసి పూడుస్తారు. మన దగ్గర సీఓటూ వెల్డింగ్ అనే మిగ్ యంత్రానికి 0.6 మిల్లీమీటర్ల తీగ, మూడు వంతుల ఆర్గాన్, ఒక వంతు కార్బన్ డయాక్సైడ్ సరిపోతాయి. వరుసగా వెల్డు చేసుకుంటూ పోకూడదు, వేడికి రేకు అలలు తిరుగుతుంది. ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి, చేయి పెట్టి చూసి చల్లారాక ఇంకొకటి. ముందు రెండు పనికిరాని ముక్కలు వెల్డు చేసి ఉలితో విడదీసి చూడండి. వెల్డు చుక్క ఒక రేకులోంచి ముక్కను పీక్కుని వస్తే పట్టింది. చక్కగా ఊడొస్తే యంత్రం వేడి పెంచాలి.

ఇక అసలు సంగతి, ఆ సందు. వెల్డు చేశాక అందులోకి రంగు పోదు, వెల్డుకు ముందు రంగు వేస్తే కాలిపోతుంది. ఈ చిక్కు వల్లే ఫ్యాక్టరీ వాళ్ల పని కూడా సగంలో ఆగింది. నేను రేకు కింది భాగానికీ దూలాల పైభాగానికీ విడివిడిగా రంగుకు ముందు వేసే ఎపాక్సీ ప్రైమర్ కొట్టి ఆరనిచ్చాను. వెల్డు చుక్కలు పడే చోట్ల మాత్రం గీకి, జింకు ఉన్న వెల్డింగ్ ప్రైమర్ పలుచగా రాశాను. వెల్డయ్యాక కాలిన చోట్లు శుభ్రం చేసి మళ్లీ ఎపాక్సీ కొట్టాలి. ఆ తరువాతే అతుకుల అంచున సందు మూసే సీలర్. సీలర్‌ను ఉత్త ఇనుము మీద పెడితే తుప్పును లోపల పెట్టి తలుపేసినట్టవుతుంది. చివరగా దూలాల లోపలి బోలు భాగంలోకి పలుచటి మైనపు పూత స్ప్రే చేస్తే అది సందుల్లోకి తనే పాకుతుంది. నీళ్లు దిగే రంధ్రాలను మాత్రం మూయకూడదు. జింకు కాలిన పొగ పీలిస్తే సాయంత్రానికి జ్వరం వచ్చినట్టు వణుకు పుడుతుంది, కాబట్టి తగిన మాస్కు పెట్టుకోవాలి, గ్యారేజీ తలుపు తీసి ఉంచాలి. నేను మొదటి రోజు తెరవలేదు. రాత్రి దుప్పటి కప్పుకుని పడుకుంటే మా ఆవిడ డోలో ఇచ్చి, "ఇంకో బండి కొనేముందు పట్టా ఎత్తి చూడండి" అంది.

ఛాసీ మీద తొట్టిని దించేటప్పుడు బోల్టుల దగ్గర దిమ్మెలు, రబ్బర్లు పాతవి ఎలా ఉన్నాయో అలాగే పెట్టాలి. బోల్టులన్నీ వదులుగా ఎక్కించి, క్యాబిన్‌తో సందు రెండు పక్కలా సమంగా వచ్చేదాకా జరిపి, టెయిల్‌గేట్ తగిలించి నాలుగైదు సార్లు మూసి తెరిచి, అప్పుడు బిగించాలి.

రంగు ఆరిన వారానికి తొట్టిలో రెండు బకెట్ల నీళ్లు పోసి, టార్చిలైటు పట్టుకుని బండి కిందికి దూరాను. ముందు మూలలు పొడిగా ఉన్నాయి. దూలాలూ అంతే. ఎడమ గుమ్మటం వెనక, సీలర్ పట్టీ మలుపు తిరిగే చోట, ఒక్క చుక్క వేలాడుతోంది. చాక్‌పీసుతో గుర్తు పెట్టి బయటికి వచ్చాను.